పరాయి దేశం గొడవలోకి సైన్యాన్ని పంపాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీలో ఎక్కడ బాంబులు పడుతున్నా మన వాట్సాప్ గ్రూపుల్లో వెంటనే రెండు పార్టీలు తయారైపోతాయి. ఒకటి "ఆర్మీని దింపి తేల్చిపారేయాలి" పార్టీ, రెండోది "వాళ్ళ చావు వాళ్ళు చస్తారు, మనకెందుకు" పార్టీ. ఈ రెండు పార్టీల వాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పోగేసి నాకు తెలిసినంతలో జవాబులు రాశా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, దాచుకుని చేసేదేముంది. సైన్యాన్ని పంపడం ఎప్పుడూ తప్పే అనను, కానీ లోపలికి వెళ్ళాక అక్కడి అధికారం ఎవరి చేతిలో పెట్టి బయటికొస్తారో ముందే చెప్పలేని వాళ్ళు వెళ్ళకూడదు. అవతలివాడు ఎంత దుర్మార్గుడు అనేది ఆ తర్వాత మాట.

ప్రశ్న: పక్కింట్లో మొగుడు పెళ్ళాన్ని చావగొడుతుంటే చూస్తూ కూర్చుంటామా? దేశాల విషయంలో మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

అందరూ ఇదే పోలిక తెస్తారు. ఇంటి గొడవలో మీరు అడ్డుపడ్డాక పోలీసులు వస్తారు, కోర్టు ఉంటుంది, ఆ మనిషిని తీసుకెళ్ళి లోపలేస్తారు, మీరు ఇంటికొచ్చి అన్నం తింటారు. దేశాల మధ్య ఆ పోలీసులూ లేరు, ఆ కోర్టుకి ఆ బలమూ లేదు. తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్ళిన వాడే ఆ ఇల్లంతా నడపాల్సి వస్తుంది, కరెంటు, నీళ్ళు, జీతాలు, పగలు తీర్చుకునే గుంపులు, అన్నీ. అసలు చిక్కంతా అక్కడే.

ప్రశ్న: అంతర్జాతీయ చట్టం ఏమంటుంది? సింపుల్‌గా చెప్పండి.

ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) ప్రకారం ఏ దేశమూ ఇంకో దేశం మీద బలం వాడకూడదు. మినహాయింపులు రెండే, ఒకటి ఆత్మరక్షణ, అది 51వ అధికరణం, రెండోది భద్రతా మండలి అనుమతి, అది ఏడో అధ్యాయం. ఇవి కాక ఆ దేశ ప్రభుత్వమే రమ్మని పిలిస్తే వెళ్ళొచ్చు. 2005లో ప్రపంచ దేశాధినేతలంతా న్యూయార్క్‌లో కూర్చుని ఇంకో మాట ఒప్పుకున్నారు, ఒక ప్రభుత్వం తన జనాన్ని నరమేధం లాంటి వాటి నుంచి కాపాడలేకపోతే, లేదా తానే చంపుతుంటే, ఆ బాధ్యత ప్రపంచం తీసుకోవాలని. దాన్నే 'రక్షించే బాధ్యత' అంటారు. కానీ సైన్యం దింపాలంటే దానికీ భద్రతా మండలి తలూపాల్సిందే, అక్కడ అయిదు దేశాలకి వీటో ఉంది, ఆ అయిదుగురిలో ఎవరికి వాళ్ళ చుట్టాలు వాళ్ళకున్నారు. ఇక మీరే అర్థం చేసుకోండి.

ప్రశ్న: మరి 1971లో మనం చేసింది కరెక్టే కదా?

నా లెక్కలో కరెక్టే, కానీ ఎందుకు కరెక్టయిందో చూడాలి, లేకపోతే తప్పు పాఠం నేర్చుకుంటాం.

1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) దాదాపు సీట్లన్నీ అవామీ లీగ్ పార్టీ గెలిచింది, దాని నాయకుడు షేక్ ముజిబుర్ రెహమాన్ ప్రధాని కావాలి, పశ్చిమ పాకిస్తాన్ వాళ్ళు కానివ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం యూనివర్సిటీ హాస్టళ్ళ మీద పడింది. ఆ తర్వాత నెలల్లో మన దేశంలోకి సుమారు కోటి మంది కాందిశీకులు వచ్చారు. త్రిపుర లాంటి చిన్న రాష్ట్రంలో స్థానికులకి దాదాపు సమానంగా వచ్చినవాళ్ళే ఉన్నారు. ఇది ఎక్కడో సరిహద్దు గొడవగా కూడా మిగల్లేదు, ఆ ఏడాది నవంబర్ నుంచి పోస్టులో వేసే ఉత్తరానికి మామూలు స్టాంపుతో పాటు అయిదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అంటించాల్సి వచ్చింది, మన ఊళ్ళలో ఇన్‌లాండ్ లెటర్ రాసుకునే వాళ్ళు కూడా ఆ యుద్ధానికి చందా కట్టినట్టే. ఇప్పటికీ పాత ఉత్తరాల కట్టలు దాచుకున్న ఇళ్ళలో ఆ స్టాంపులు కనిపిస్తాయి.

అయినా ఇందిరా గాంధీ వెంటనే సైన్యాన్ని పంపలేదు. ఏప్రిల్‌లోనే వెళ్ళమంటే వర్షాలొస్తాయి, నదులు పొంగుతాయి, చలికాలమైతే హిమాలయ కనుమలు మూసుకుపోయి చైనా రాదు, టైం కావాలి అన్నానని అప్పటి ఆర్మీ చీఫ్ మాణెక్‌షా తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఈలోపు ఆమె దేశదేశాలు తిరిగారు, ఆగస్టులో సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నారు, తూర్పు పాకిస్తాన్ తిరుగుబాటు సైన్యం ముక్తి వాహినికి శిక్షణ, ఆయుధాలు ఇచ్చారు. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌బేస్‌ల మీద దాడి చేశాయి, 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టారు, 93 వేల మంది బందీలు. (విశాఖ వాళ్ళకి ఈ యుద్ధం గురించి నేను చెప్పేదేముంది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది వాళ్ళ సముద్రంలోనే, బీచ్ రోడ్డులో స్మారకం రోజూ చూస్తూనే ఉంటారు.)

ఇప్పుడు అసలు విషయం. 1972 మార్చిలో, అంటే లొంగుబాటు జరిగిన మూడు నెలలకే, మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వచ్చేసింది. రాగలిగింది కూడా, ఎందుకంటే అక్కడ జనం ఓటేసి గెలిపించిన పార్టీ ఉంది, జైలు నుంచి విడుదలై జనవరిలో ఢాకాలో దిగిన నాయకుడు ముజిబ్ ఉన్నాడు. మనం ఎవరినీ వెతికి కుర్చీలో కూర్చోబెట్టలేదు.

ప్రశ్న: అప్పుడు ప్రపంచమంతా మనల్ని మెచ్చుకుందా?

లేదండీ. 1971 డిసెంబర్ 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కాల్పులు ఆపి సైన్యాలు వెనక్కి వెళ్ళాలనే తీర్మానానికి 104 దేశాలు ఓటేశాయి, వ్యతిరేకంగా 11. అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే యుద్ధనౌకని బంగాళాఖాతంలోకి పంపింది. ఢాకాలోని అమెరికా కాన్సులేట్ అధికారులే ఏప్రిల్‌లో "మన ప్రభుత్వం కళ్ళు మూసుకుంది" అనే అర్థంలో వాషింగ్టన్‌కి టెలిగ్రాం కొట్టినా అధ్యక్షుడు నిక్సన్ పట్టించుకోలేదు. ఓట్ల లెక్క చూసి న్యాయం తేల్చేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. అలాగని మన ఉద్దేశం నూటికి నూరు పాళ్ళు దయే అనుకోవడం కూడా మనల్ని మనం మోసం చేసుకోవడమే, పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకి లాభమని ఢిల్లీలో అందరికీ తెలుసు. లాభం, న్యాయం ఒకే దిక్కున ఉండటం మనకి కలిసొచ్చింది.

ప్రశ్న: అంత బాగా చేసిన దేశం శ్రీలంకలో ఎందుకు దెబ్బతింది?

ఈ ప్రశ్నకి జవాబు పొడుగు, ఓపిక పట్టండి. మన పుస్తకాల్లో 1971కి పేజీలకి పేజీలు, 1987కి నాలుగు లైన్లు కూడా ఉండవు, నాకు కోపం వచ్చేది అక్కడే.

1987 జూన్ 4న మన విమానాలు శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నా మీద బియ్యం, మందులు జారవిడిచాయి, సింహళ సైన్యం ముట్టడిలో ఉన్న తమిళుల కోసం. జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మరుసటి రోజు గౌరవ వందనం తీసుకుంటుంటే ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో రాజీవ్‌ని కొట్టాడు, ఆయన తల తప్పించుకోవడంతో భుజం దగ్గర తగిలింది. ఆ దేశంలో సగం మంది మూడ్ ఏంటో ఆ ఒక్క దెబ్బలోనే తెలిసిపోయింది, కానీ అప్పటికే మన సైన్యం విమానాలెక్కేసింది.

పేరు శాంతి సేన. పని ఏంటంటే పులుల దగ్గర (అంటే తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈ) ఆయుధాలు తీసుకోవడం, సింహళ సైన్యాన్ని బ్యారక్‌లలో ఉంచడం. ఇక్కడ తిరకాసు ఏంటంటే ఒప్పందం రెండు ప్రభుత్వాల మధ్య జరిగింది, అసలు యుద్ధం చేస్తున్న ఎల్టీటీఈ అందులో సంతకమే పెట్టలేదు. నాలుగు తుపాకులు ఇచ్చినట్టే ఇచ్చి ఆపేశారు. అక్టోబర్‌కల్లా, జనాన్ని కాపాడటానికి వెళ్ళిన సైన్యం, ఆ జనంలో చాలామంది తమవాళ్ళు అనుకునే పులులతోనే యుద్ధంలోకి దిగింది.

అక్టోబర్ 11 అర్ధరాత్రి దాటాక జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి కమాండోల్ని, 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లని దింపారు, పులుల నాయకుడు ప్రభాకరన్‌ని పట్టుకోవాలని. పులులకి మన రేడియో మాటలు ముందే వినపడ్డాయి, కాచుకుని కూర్చున్నారు. హెలికాప్టర్లకి తూట్లు పడ్డాయి, మిగతా బలగాన్ని దింపడం కుదర్లేదు. దిగిన ఆ సిఖ్ ప్లాటూన్‌లో 30 మంది, తెల్లారేక మిగిలింది ఒక్కడు, అతను కూడా బందీగా. పదిరోజులకి జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైనికులు దూరినప్పుడు రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు, అది యుద్ధంలో జరిగిన కాల్పులని సైన్యం అంది, ఊచకోత అని అక్కడి జనం ఇప్పటికీ అంటారు, ప్రతి అక్టోబర్‌లో వాళ్ళని తలుచుకుంటారు. కాపాడటానికి వచ్చామని చెప్పుకున్న వాళ్ళం కాబట్టి ఈ రెండో విషయం కూడా మనం చదవాల్సిందే, దేశభక్తికి ఏ లోటూ రాదు.

తర్వాత కథ ఇంకా విచిత్రం. కొలంబోలో ప్రేమదాస అధ్యక్షుడయ్యాడు, మన సైన్యం వెళ్ళిపోవాలన్నాడు, మనల్ని గెంటడానికి పులులకే ఆయుధాలు ఇప్పించాడు. పిలిచిన ప్రభుత్వం పొమ్మంటోంది, కాపాడబోయిన జనం నమ్మడంలేదు, ఇక ఉండి ఏం చేస్తారు? 1990 మార్చి 24న చివరి దళాలు వచ్చేశాయి. సుమారు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. మద్రాస్ రేవులో దిగిన వాళ్ళకి స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. ఆయన కారణం ఆయనకుంది, తమిళుల్ని చంపిన సైన్యానికి దండ వేయలేనన్నారు, కానీ ఆ పడవ దిగిన జవాను కోణంలోంచి ఒక్కసారి ఆలోచించండి, వెళ్ళమన్నది వీళ్ళే, వెళ్ళొస్తే ముఖం తిప్పుకున్నదీ వీళ్ళే. 1991 మే 21న విశాఖలో ప్రచారం ముగించుకుని మద్రాస్‌కి విమానంలో వెళ్ళిన రాజీవ్, అదే రాత్రి శ్రీపెరుంబుదూర్‌లో పులుల బాంబు దాడిలో చనిపోయారు.

1971తో పోల్చి చూస్తే తేడా సైనికుల ధైర్యంలో లేదు. అక్కడ అధికారం అప్పగించడానికి మనుషులున్నారు, ఇక్కడ లేరు. అక్కడ పని ఒక్కటే, ఇక్కడ పని మూడు నెలల్లో పూర్తిగా మారిపోయింది, మారినప్పుడు ఆగి మళ్ళీ ఆలోచించిన వాళ్ళు ఢిల్లీలో లేరు.

ప్రశ్న: మాల్దీవులకి కూడా వెళ్ళాం కదా?

వెళ్ళాం. 1988 నవంబర్ 3న శ్రీలంక తమిళ కిరాయి మూక ఒకటి మాలేలో దిగితే అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు, అదే రాత్రి ఆగ్రా నుంచి పారాట్రూపర్లు హుల్హులే ఎయిర్‌పోర్టులో దిగారు. పారిపోతున్న ఓడని ఐఎన్ఎస్ గోదావరి, బెత్వా వెంటాడి పట్టుకున్నాయి (మన గోదారి పేరు హిందూ మహాసముద్రంలో మోగడం అదో తృప్తి). పిలిచింది చట్టబద్ధమైన ప్రభుత్వం, పని చిన్నది, కాసేపట్లో అయిపోయింది. ఇలాంటివి అరుదు. దీన్ని చూపించి "చూశారా ఎంత ఈజీయో" అనకండి.

ప్రశ్న: వెళ్ళకపోవడం కూడా పాపం కాదా? రువాండా సంగతేంటి?

"మనకెందుకు" పార్టీ వాళ్ళు తప్పకుండా చదవాల్సింది ఇదే. 1994 ఏప్రిల్ 6న రువాండా అధ్యక్షుడి విమానం కూలింది, ఆ రాత్రి నుంచే అక్కడి మైనారిటీ తెగ టుట్సీల వేట మొదలైంది, సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా చనిపోయారు, చాలామంది కత్తులతో, ఇరుగుపొరుగు వాళ్ళ చేతుల్లోనే. అప్పటికే అక్కడ రెండున్నర వేల మంది ఐక్యరాజ్యసమితి సైనికులున్నారు, కమాండర్ రోమియో డలైర్ జనవరిలోనే ఆయుధాలు దాస్తున్నారని న్యూయార్క్‌కి కేబుల్ పంపాడు. పదిమంది బెల్జియం సైనికుల్ని చంపేసరికి బెల్జియం మూటాముల్లె సర్దుకుంది. కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్లో సుమారు రెండు వేల మంది ఆ సైనికుల్ని నమ్ముకుని తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న ఆ ట్రక్కులు గేటు దాటి వెళ్ళిపోయాయి, బయట కత్తులతో నిలబడ్డ వాళ్ళు ఎదురుచూస్తున్నారని అందరికీ తెలుసు. ఆ రెండు వేల మందిలో చాలామంది ఆ రోజే చనిపోయారు. ఏప్రిల్ 21న భద్రతా మండలి ఆ బలగాన్ని పెంచలేదు, 270కి తగ్గించింది.

ఎందుకలా? అంతకు ఆరు నెలల ముందే సోమాలియాలో, మొగదిషులో, ఒక్క ఆపరేషన్‌లో 18 మంది అమెరికన్లు చనిపోయారు, ఇంకో ఆఫ్రికా దేశం అంటేనే వాషింగ్టన్‌కి జ్వరం. ఒక దేశంలో కాలిన చేతికి ఇంకో దేశం జనం బలయ్యారు.

నేను పైన చెప్పిన షరతు, అధికారం ఎవరికి అప్పగిస్తారు అనేది, ఇక్కడ అడ్డం రాదా అని అడగొచ్చు. రాదు. ఆ స్కూలు గేటు దగ్గర నిలబడటానికి రువాండాని పరిపాలించక్కర్లేదు. నిలబడి ప్రాణాలు కాపాడటం వేరే పని, ప్రభుత్వాన్ని మార్చడం వేరే పని. మొదటిదానికి గడప తక్కువ ఎత్తులో ఉండాలి, రెండోదానికి చాలా ఎత్తులో.

ప్రశ్న: లిబియాలో నాటో చేసింది మొదటి రకమే కదా?

నాటో అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి. ప్రాణాలు కాపాడే మొదటి రకమని చెప్పి మొదలుపెట్టి ప్రభుత్వాన్ని మార్చే రెండో రకంలోకి జారిపోయారు. 2011 మార్చి 17న భద్రతా మండలిలో 1973వ నంబర్ తీర్మానం పాసైంది, బెంఘాజీ జనాన్ని కాపాడాలని. పది దేశాలు అనుకూలం, అయిదు తటస్థం, ఆ అయిదులో మనం కూడా ఉన్నాం. బెంఘాజీ వైపు వెళ్తున్న ట్యాంకులు ఆగిపోయాయి, అక్కడితో ఒక పని అయింది. కానీ బాంబింగ్ ఆగలేదు, అక్టోబర్ 20న లిబియా పాలకుడు గడాఫీ చచ్చేదాకా సాగింది. తర్వాత దేశాన్ని చూసుకునే నాథుడు లేడు, గడాఫీ గోడౌన్ల ఆయుధాలు ఎడారి దాటి మాలీ దాకా వెళ్ళాయి, దేశం రెండు ప్రభుత్వాల పాలైంది. గడాఫీ తర్వాతి రోజుకి ప్లాన్ చేసుకోకపోవడమే తన పదవీకాలంలో పెద్ద తప్పని ఒబామానే తర్వాత ఒప్పుకున్నాడు.

దీని బిల్లు సిరియా జనం కట్టారు. జనరక్షణ అని సంతకం పెట్టించుకుని పాలకుణ్ణే మార్చేశారు కాబట్టి ఇంకోసారి పెట్టం అని రష్యా, చైనా మొండికేశాయి. వాళ్ళకి సాకు కావాలి సరే, సాకు ఇచ్చింది ఎవరు?

ప్రశ్న: భద్రతా మండలి ఒప్పుకోకపోతే ఇక అంతేనా?

1999లో యుగోస్లావియాలోని కొసోవో ప్రాంతం జనం కోసం నాటో, భద్రతా మండలి అనుమతి లేకుండానే 78 రోజులు ఆ దేశం మీద బాంబులేసింది. తర్వాత దాన్ని పరిశీలించిన స్వతంత్ర కమిషన్ "చట్టవిరుద్ధం, కానీ న్యాయబద్ధం" అని తేల్చింది. మన దేశం అప్పుడు గట్టిగా వ్యతిరేకించింది, 1971లో మనం చెప్పిన మాటలు అప్పుడు ఎవరూ గుర్తుచేయకపోవడం మన అదృష్టం. నా వరకు, అనుమతి లేకుండా వెళ్ళే తలుపు పూర్తిగా మూసేయలేం, కానీ ఆ తలుపులోంచి ఎక్కువసార్లు దూరేది బలవంతులే, 2003 ఇరాక్ చూశాం కదా, ఉన్నాయన్న సామూహిక విధ్వంసక ఆయుధాలు ఎక్కడా దొరకలేదు.

ప్రశ్న: ఇన్ని చోట్ల యుద్ధాలున్నాయి. దేనికి ముందు స్పందించాలి?

ఇప్పుడు నిర్ణయించేది కెమెరా. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న ఇద్దరు జనరల్స్ మధ్య మొదలైన యుద్ధంలో కోటి మందికి పైగా ఇళ్ళు వదిలారు, మన టీవీల్లో దానికి వచ్చిన టైం ఎంత? ఆపరేషన్ కావేరీలో మనవాళ్ళు తిరిగొచ్చేశాక ఆ వార్త కూడా ఆగిపోయింది.

నన్నడిగితే, చావుల సంఖ్య ఒక్కటే చూడకూడదు, మనం చేస్తే ఆగే చావులు ఎన్ని అని చూడాలి. కొన్నిచోట్ల సైన్యం పంపడం కంటే ఆయుధాలు పంపేవాడి చెయ్యి పట్టుకోవడం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది, చవకైన పని కూడా, కానీ పట్టుకోవాల్సిన చెయ్యి చమురు అమ్మే స్నేహితుడిదో ఆయుధాలు కొనే కస్టమర్‌దో అయితే ఎవరూ ముందుకు రారు. ఇక అణ్వాయుధాలున్న దేశం మీదకి ఎవరూ వెళ్ళరు, అది అన్యాయమే, కానీ ఒకచోట చేయలేం కాబట్టి ఎక్కడా చేయొద్దు అనే వాదన నాకు ఎక్కదు.

ప్రశ్న: అక్కడ మన వాళ్ళుంటే? గల్ఫ్‌లో మా అన్నయ్య ఉన్నాడు.

మనవాళ్ళని తెచ్చుకోవడం వేరు, యుద్ధంలో దిగడం వేరు. 1990లో సద్దాం కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్ష మందికి పైగా భారతీయుల్ని ఎయిరిండియా ఎక్కువగా అమ్మాన్ మీదుగా తెచ్చింది, గల్ఫ్ వలస అప్పటికే ఉన్న కడప, గోదావరి జిల్లాల్లో ఆ రోజులు గుర్తున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2022లో ఉక్రెయిన్ నుంచి మెడికల్ స్టూడెంట్లు కూడా అంతే. ఇవి జరగాలంటే యుద్ధం చేసే రెండు పక్షాలతోనూ మాట్లాడగలిగే పరిస్థితి ఉండాలి. మనం ఒక పక్షాన తుపాకీ పట్టుకున్న రోజు మీ అన్నయ్య లాంటి వాళ్ళే ముందు ఇరుక్కుంటారు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో వెళ్తే రిస్క్ లేదు కదా?

ఎవరన్నారు? 2000లో సియెర్రా లియోన్‌లోని కైలాహున్‌లో మన గూర్ఖా దళాలని తిరుగుబాటుదారులు రెండున్నర నెలలు చుట్టుముట్టారు, జులైలో ఆపరేషన్ ఖుక్రీ చేసి పోరాడి బయటపడ్డారు. నీలం టోపీ పెట్టుకుంటే బుల్లెట్ ఆగదు.

ప్రశ్న: మన దేశంలో ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారు? పార్లమెంటు ఓటు ఉండాలా?

అక్కర్లేదు. ప్రధాని, నలుగురైదుగురు మంత్రులున్న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ చాలు. 1987లో సైన్యం వెళ్ళింది పార్లమెంటు ఓటేసి కాదు. బ్రిటన్‌లో 2013 ఆగస్టులో సిరియా మీద దాడికి వాళ్ళ పార్లమెంటు 285–272 తేడాతో వద్దంది, ప్రధాని కామెరాన్ నోరు మూసుకుని ఆగిపోయాడు. అమెరికాలో 1973 నుంచి అరవై రోజుల చట్టముంది, అంటే వాళ్ళ పార్లమెంటు (కాంగ్రెస్) ఒప్పుకోకపోతే అధ్యక్షుడు దింపిన సైన్యం అరవై రోజులు దాటి పోరాడకూడదని, అధ్యక్షులు దాన్ని ఎగ్గొట్టే దారులు వెతుకుతారు కానీ కనీసం వెతకాల్సి వస్తుంది.

మన దగ్గర 2003లో ఏం జరిగిందో చూడండి. ఇరాక్‌కి ఒక డివిజన్, అంటే 15 వేలకి పైగా సైనికుల్ని పంపమని అమెరికా అడిగింది. పంపితే అమెరికాతో స్నేహం, కాంట్రాక్టులు అని ఢిల్లీలో కొందరు బాగానే ఊరించారు. ఆ ఏప్రిల్‌లోనే పార్లమెంటు ఆ యుద్ధాన్ని తప్పుపడుతూ తీర్మానం చేసి ఉంది, ప్రతిపక్షం వద్దంది, వాజ్‌పేయి తొందరపడలేదు. జులై 14న కేబినెట్ కమిటీ ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి లేకుండా పంపమని చెప్పేసింది. ఆ తర్వాత ఇరాక్‌లో ఏళ్ళ తరబడి జరిగింది అందరం చూశాం.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరుంది, దాదాపు ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. అలాంటి ఊరి పిల్లల్ని పరాయి దేశానికి పంపేముందు వాళ్ళు ఓటేసి పంపిన ఎంపీ కనీసం చెయ్యెత్తి అవుననో కాదనో రికార్డులో ఉండాలి అనేది నా డిమాండ్. అత్యవసరమైతే ముందు పంపి, నెలలోపు ఓటింగ్ పెట్టండి, ఓడిపోతే వెనక్కి రప్పించండి. మాల్దీవుల పనైతే ఆ నెల కూడా పట్టదు, శ్రీలంక పనైతే ఆగస్టు ఆఖరుకే ఎవరో ఒక ఎంపీ లేచి "పులులు సంతకం పెట్టారా?" అని అడిగి ఉండేవాడు.